పన్ను కదిలిందంటే పునాది కదిలినట్టే



పోయిన నెల పింఛను కాయితాల గురించి రాసిన. ఈ నెల పళ్ళ గురించి రాస్తున్న. ఇదేం ముచ్చట అని పేజీ తిప్పకండి. మిల్లు నుంచి రిటైరైన రోజు నా నోట్లో 28 పళ్ళు ఉండె. ఇప్పుడు 13 ఉన్నయి. పోయిన 15 పళ్ళల్ల ఒక్కటి కూడా పుచ్చి పోలేదు. షుగర్ ఉన్న ప్రతి ఇంట్లో ఈ సంగతి తెలియాలె.

మొదటి పన్ను ఎట్లా పోయిందో ఇంకా యాదికుంది. బల్లార్షాలో మా చుట్టాల పెండ్లి. పంక్తిలో కూర్చొని బూందీ లడ్డు కొరికిన. షుగర్ ఉన్నోడికి లడ్డు ఎందుకని అడగకండి, అదే మన గుణం. మెత్తని లడ్డులో గట్టిగ ఏదో తగిలింది. రాయి అనుకొని తీసి చూస్తే నా కింది పన్నే. చుట్టూ ఉన్నోళ్ళు చూడకుండ జేబులో ఏసుకున్న. ఇంటికొచ్చి కడిగి చూసిన. పుచ్చు లేదు, పగులు లేదు, వేరుతో సహా ఊడి వచ్చింది. నా భార్య చూసి “వయసైంది గద, రాలుతయి తియ్యి” అన్నది. నేను కూడా అట్లనే అనుకున్న. అప్పటికి నాకు 59 ఏండ్లు. మా నాయిన 80 ఏండ్లకు కూడా వేయించిన శెనగలు నమిలేటోడు. ఆ సంగతి అప్పుడు యాదికి రాలేదు.

ఇంటి గోడ బాగుండి కూడా కూలిందంటే తప్పు ఎక్కడుంటది? పునాదిలో ఉంటది. నా పళ్ళ సంగతి కూడా అదే.

పన్ను నోట్లో ఎట్లా నిలబడుతుందో ముందు చెప్తాను. రింగు ఫ్రేము ఖాతాలో 31 ఏండ్లు పని చేసినోణ్ణి, నాకు తెలిసిన సాంచాల లెక్కలోనే చెప్తాను. మనకు కనబడేది పన్ను పై భాగమే. దాని వేరు దవడ ఎముకలో ఉన్న గుంటలోకి దిగి ఉంటుంది. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నార పోగులు ఉంటాయి. అవే పన్నును ఎముకకు కట్టి ఉంచుతాయి. పైన చిగురు కప్పి ఉంటుంది. పన్ను సాంచా అనుకోండి, ఎముక నేల అనుకోండి, ఆ నార పోగులు బోల్టులు. సాంచా ఎంత మంచిదైనా కింద నేల పగిలి బోల్టులు వదులైతే ఏమైతదో మనకు తెలుసు. ముందు చప్పుడు మారుతుంది. తర్వాత వణుకుతుంది. జాబరు వచ్చి పైన ఎంత సవరించినా లాభం ఉండదు.

ఆ నేల ఎట్లా పాడవుతుంది? ఫ్రేము మీద దూది పీచు రోజూ పడుతుంది. రోజూ తుడిస్తే ఏం కాదు. వదిలేస్తే నూనెతో కలిసి అట్ట కడుతుంది, అప్పుడు గోకాల్సిందే. పళ్ళ మీద పాచి కూడా అంతే. పాచి అంటే ఉత్త తిండి మురికి కాదు, బతికున్న సూక్ష్మజీవుల పొర. రోజూ తోమితే పోతుంది. వదిలేస్తే ఉమ్మిలో ఉండే ఖనిజాలతో కలిసి గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్షుకు రాదు. దాని మీద మళ్ళీ పాచి పేరుకొని మెల్లగా చిగురు కిందికి దిగుతుంది. అప్పుడు శరీరం దాంతో కొట్లాటకు దిగుతుంది. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, తోముకుంటే రక్తం వస్తుంది. ఈ మెట్టు మీద ఉంటే మళ్ళీ పూర్తిగా బాగుచేసుకోవచ్చు, ఎముక ఇంకా చెడలేదు. కొట్లాట ఏండ్ల తరబడి నడిస్తే మాత్రం చిగురు పన్నును వదిలేస్తుంది, మధ్యలో సంచి లాగా సందు పడుతుంది, కింద ఎముక కరగడం మొదలవుతుంది.

ఎముక కరగడమేంది, అది రాయి లాంటిది గద అని నేను కూడా అనుకునేటోణ్ణి. కాదు. ఎముకలో పాతదాన్ని తవ్వే కణాలు ఉంటాయి, కొత్తదాన్ని పోసే కణాలు ఉంటాయి. ఇద్దరి పనీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. చిగుళ్ళ రోగం ఉన్న చోట తవ్వేటోళ్ళకు ఓవర్‌టైం, పోసేటోళ్ళకు లేఆఫ్. నెత్తురులో షుగర్ ఎక్కువుంటే ఈ లెక్క ఇంకా చెడుతుంది. సన్నని రక్తనాళాలు దెబ్బతిని చిగుళ్ళకు సత్తువ సరిగ్గా అందదు. సూక్ష్మజీవులను చంపే తెల్లకణాలు మందగిస్తాయి. నార పోగులు పాతబడితే కొత్తవి సరిగ్గా తయారుకావు. నోరు ఎండి, కడిగే ఉమ్మి తక్కువవుతుంది. అంటే దొంగలు ఎక్కువైన రోజే కావలివాడు నిద్రపోయినట్టు.

ఈ సంగతి బాగా తేటపడింది అమెరికాలో. అరిజోనా రాష్ట్రంలో హీలా నది దగ్గర పీమా అనే ఆదివాసులు ఉంటారు. ఆ నది నీళ్ళతో సేద్యం చేసుకొని బతికినవాళ్ళు. ఎగువన వేరేవాళ్ళు నీళ్ళు మళ్ళించుకుంటే పంటలు పోయినయి, తిండి మారింది. తర్వాత వాళ్ళలో షుగర్ రోగం విపరీతంగా పెరిగింది. 1965 నుంచి డాక్టర్లు అక్కడే ఉండి వాళ్ళను ఏండ్ల తరబడి పరీక్షించారు, పళ్ళు కూడా చూశారు. షుగర్ ఉన్నవాళ్ళలో ఈ చిగుళ్ళ, ఎముక రోగం లేనివాళ్ళకంటే సుమారు మూడింతలు అని 1991లో తేల్చారు. 1993లో హరాల్డ్ లో అనే పళ్ళ శాస్త్రవేత్త దీన్ని షుగర్ తెచ్చే ఆరో కీడు అని రాశాడు. కండ్లు, కిడ్నీలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండ్లు, ఇవి మొదటి ఐదు. ఐదింటి పేర్లూ మనం విన్నాం. ఆరోది ఎవరూ చెప్పలేదు.

ఆ పీమావాళ్ళ కథ చదువుతుంటే నాకు మనమే కనబడ్డం. మగ్గం వదిలి, ఊరు వదిలి మిల్లు గేటుకు వచ్చినం. అంబలి, జొన్న రొట్టె పోయి రేషను బియ్యం వచ్చె. రాత్రి పాళీలో నిద్ర ఆపుకోవడానికి చక్కెర ఎక్కువేసిన చాయ్, దాంట్ల బిస్కట్టు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ వాళ్ళ పెద్ద సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటినారు. మన బస్తీలో తలుపు తలుపూ లెక్కపెడితే తెలుస్తది.

ఇప్పుడు నా కథలో రెండో సగం. షుగర్ ఎముకను తింటుందని చెప్పిన గద, నోరు కూడా తిరిగి షుగర్‌ను పెంచుతుంది. రిటైరైన మూడో ఏడు నా షుగర్ ఎంతకూ దిగలేదు. ఒక దవాఖానలో నెల నెలా వేలికి సూది గుచ్చి చూసేటోళ్ళు, గోలీలు పెంచేటోళ్ళు. లడ్డు మానేసిన, చాయ్‌ల చక్కెర మానేసిన, అయినా మూడు నెలల షుగర్ పరీక్షలో 10 కంటే తగ్గలేదు. నోరు తెరువు అని వాళ్ళు అనలేదు. చిగురు నొక్కితే చీము వస్తుందని నేనూ చెప్పలేదు. షుగర్ డాక్టరుకు పళ్ళ సంగతి ఎందుకు అనుకున్న. ఇద్దరి తప్పూ ఉంది. ఆఖరికి దవడ ఉబ్బి ఒక పళ్ళ కాలేజీ దవాఖానకు పోయిన. చదువుకునే ఒక డాక్టరమ్మ సన్నని కొలత పుల్ల చిగురు సందులో పెట్టి లెక్క చెప్తుంటే పక్కనోళ్ళు రాసుకుంటున్నరు. మంచి చిగురైతే మూడు మిల్లీమీటర్ల లోపు దిగుతుందట. నాకు ఏడు, ఎనిమిది దిగింది. ఎక్స్‌రే తీసి చూపించింది. పళ్ళ వేర్లకు సగం దాకా ఎముక లేదు. “నాకు నొప్పే లేదు గదమ్మా” అన్న. “కాకా, నొప్పి ఉంటే నువ్వు ఐదేండ్ల కిందనే వచ్చేటోడివి” అన్నది.

లెక్క ఆమె ఇట్లా చెప్పింది. నోరంతా చిగుళ్ళు ఉబ్బి ఉంటే, పళ్ళ చుట్టూ ఉన్న పుండ్లన్నీ ఒక్క చోట పరిస్తే అరచేయంత అవుతుంది. అరచేయంత పుండు కాలి మీద ఉంటే ఊరుకుంటమా? అదే పుండు నోట్లో దాక్కుని ఏండ్ల తరబడి విషాన్ని నెత్తురులోకి పంపుతుంటుంది. ఆ మంట వల్ల ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు, షుగర్ ఎక్కుతుంది. ఎక్కిన షుగర్ మళ్ళీ చిగురును చెడగొడుతుంది. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది. చిగుళ్ళకు సరైన వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో మూడు నెలల షుగర్ లెక్క సగటున 0.4 దాకా తగ్గుతుందని చాలా పరీక్షలను కలిపి చూసి చెప్పారు. 10 ఉన్నోడికి 0.4 ఏపాటి అనకండి. కొన్ని గోలీలు చేసే పనిలో సగం అది. నాకు చీము పళ్ళు తీసి, చిగుళ్ళ కింది దాకా శుభ్రం చేసి, ఖర్రా మాన్పించి, గోలీలు సరిచేసినంక ఏడాదికి 7.8కు వచ్చింది. ఒక్క పళ్ళ వైద్యంతోనే అనను. కానీ అది లేకుండా దిగలేదు, అది నా అనుభవం.

ఖర్రా అన్న గద. చంద్రపూర్, నాగపూర్ దిక్కు ఉన్నోళ్ళకు చెప్పేదేముంది, సుపారీ, తంబాకు, సున్నం పన్నీ కాయితంలో ఏసి రుద్ది ఇస్తరు. మహారాష్ట్రలో 2012లో గుట్కా బంద్ చేసిండ్రు గని ఖర్రా రుద్దే చేతులు ఆగలేదు. ఆడవాళ్ళు కొందరు కాల్చిన తంబాకు పొడి మిశ్రీతో పళ్ళు తోముతరు. పళ్ళు గట్టిపడుతయని నమ్మకం. తంబాకు చిగుళ్ళకు రక్తం సరిగ్గా అందనీయదు, పుండు మాననీయదు. బీడీ, సిగరెట్టు తాగేటోళ్ళకు చిగుళ్ళ నుంచి రక్తం కూడా తక్కువ వస్తుంది. అందుకే “నాకు రక్తమే రాదు, నా చిగుళ్ళు మంచిగున్నయి” అని మోసపోతరు. షుగరూ తంబాకూ కలిస్తే ఎముకకు రెండు దిక్కులా దెబ్బ. నోటి క్యాన్సరు సంగతి వేరే చెప్పాల్నా?

నొప్పి లేకపోవడం అదృష్టం కాదని మన వరోరావాళ్ళకు ఎవరూ నేర్పనక్కర లేదు. బాబా ఆమ్టే గారు 1949లో మొదలుపెట్టిన ఆనందవనం మన ఊరి పక్కనే ఉంది. కుష్ఠు రోగం వేళ్ళను తినేస్తుందని వెనుకట అందరూ అనుకునేటోళ్ళు. అది తినదు. నరాలు చచ్చి స్పర్శ పోతుంది. కాలినా తెలియదు, గుచ్చుకున్నా తెలియదు. తెలియక వదిలేసిన ఆ పుండ్లే వేళ్ళను తీసుకుపోతయి. అందుకే అటువంటి వాళ్ళకు రోజూ చేతులు, కాళ్ళు కండ్లతో చూసుకొమ్మని నేర్పుతరు. షుగర్ ఉన్నోళ్ళకు కాళ్ళ గురించి కూడా అదే చెప్తరు. నేను ఇంకొక్కటి కలుపుతున్న. కాళ్ళతో పాటు నోరు కూడా చూసుకోండి. నొప్పి వచ్చి చెప్తదని కూర్చుంటే అది రాదు.

షుగరూ దవడ ఎముకా అంటే 2021 కూడా మరువొద్దు. కరోనా రెండో దెబ్బలో నల్ల ఫంగస్ వచ్చింది. ఆ జూన్ ఆఖరుకు దేశంలో 40 వేలకు పైగా కేసులు. అందులో ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్ళే, చాలామందికి కరోనాకు స్టెరాయిడ్లు కూడా ఇచ్చారు. హైదరాబాదులో కోఠి ఈఎన్‌టీ దవాఖాన ఆ రోగులతో నిండింది. ముక్కు నుంచి పై దవడ ఎముకకు పాకి, కొందరికి ఆ ఎముకే తీసేయాల్సి వచ్చింది. పై పళ్ళు ఉన్నట్టుండి కదలడం దాని గుర్తుల్లో ఒకటి. అది చిగుళ్ళ రోగం లాంటిది కాదు, రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. కానీ రెండింటికీ దారి వేసింది అదుపు తప్పిన షుగరే.

మందుల మాటకొస్తే మన తెలుగాయన ఒకరు యాదికొస్తారు. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు, అక్కడ పనిచేసే బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో అది బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల ఇంట్లో అది పెద్దబిడ్డ. 1980ల్లో లోర్న్ గోలబ్ అనే ఆయన షుగర్ ఉన్న ఎలుకలకు ఆ ఇంటి మందే ఇచ్చి చూశాడు. అది సూక్ష్మజీవులను చంపడమే కాకుండా, చిగుళ్ళ నార పోగులను కరిగించే మన ఒంటి రసాన్ని కూడా ఆపుతుందని తేలింది. అంటే ఆ పోగులను తెంపేది బయటి పురుగు ఒక్కటే కాదు, మన ఒళ్ళు కూడా. ఆ దారిలోనే 1998లో అమెరికాలో డాక్సీసైక్లిన్‌ను తక్కువ మోతాదులో చిగుళ్ళ రోగానికి ఒప్పుకున్నారు. ఇది చదివి మెడికల్ షాపుకు పోయి గోలీలు కొనుక్కోకండి. గార తీయకుండా గోలీ మింగితే పీచు తుడవకుండా సాంచాకు నూనె పోసినట్టే. డాక్టరు రాస్తేనే మందు.

ఇక చేయాల్సిన పనులు. రోజూ రెండు పూటలు మెత్తని బ్రష్షుతో తోమండి, రాత్రి పడుకునే ముందు తప్పకుండా. వేప పుల్ల వాడితే వాడండి గని పళ్ళ సందులు దానికి అందవు, సందులకు సన్న బ్రష్షు దొరుకుతుంది. బొగ్గు, ఇటుక పొడి, మిశ్రీ వద్దు. ఉప్పు నీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉంటది, కానీ గార పోదు. షుగర్ ఉన్నవాళ్ళు ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టరుకు చూపించండి. పళ్ళు సాఫ్ చేయిస్తే వదులైతయని భయపడకండి. అంతకుముందే వదులైన పన్నును గార పట్టి ఉంచుతుంది, అది తీస్తే అసలు సంగతి బయటపడుతుంది, అంతే. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. కానీ మిగిలిన దాన్ని నిలబెట్టుకోవచ్చు. నా 13 పళ్ళు ఐదేండ్లుగా అట్లనే ఉన్నయి.

పన్ను తీయించుకోవడానికి పోతే పొద్దున నాష్టా చేసి, రోజూ వేసుకునే గోలీ వేసుకొని పోండి. మందు వేసుకొని ఖాళీ కడుపుతో పోతే షుగర్ పడిపోయి కండ్లు తిరుగుతయి. షుగర్ ఉందని, రక్తం పలచబడే మందు, ఎముకల మందు వాడుతుంటే అది కూడా ముందే చెప్పండి. మొఖం ఉబ్బి జరం వచ్చినా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా రేపటి దాకా ఆగొద్దు, ఆ రోజే దవాఖానకు పోండి.

పైసల గురించి. 30 ఏండ్లు దాటినవాళ్ళకు సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ, నోటి క్యాన్సరు పరీక్ష ఉచితం, మీ ఆశా తాయిని అడగండి. నాగపూర్‌లో సర్కారు పళ్ళ కాలేజీ దవాఖాన ఉంది. వార్ధా దగ్గర సావంగిలో కూడా పళ్ళ కాలేజీ ఉంది, వరోరా నుంచి రైల్లో సేవాగ్రాం దాకా పోయి ఆటో పట్టుకోవచ్చు. ఈఎస్ఐలో కనీసం ఐదేండ్లు ఉండి వయసు నిండి రిటైరైనవాళ్ళు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం నడుస్తుంది. మన ఖాతావాళ్ళల్ల సగం మంది ఆ కాయితం కట్టనే లేదు.

పళ్ళు పోతే ఏమైతది, కట్టుడు పళ్ళు పెట్టుకుంటం అంటరు. పన్ను పోయిన చోట ఎముక గట్టు కూడా అరిగిపోతుంది, కట్టుడు పళ్ళు నిలవవు. జొన్న రొట్టె నమలలేక, ఆకుకూర నమలలేక మెత్తని అన్నం, చాయ్‌ల ముంచిన బిస్కట్టు తింటం. షుగర్ మళ్ళీ ఎక్కుతుంది. నేను ఆరు నెలలు అట్ల తిన్న, అందుకే తెలుసు.

ఇదంతా ఇప్పుడే రాయడానికి కారణం నా బామ్మర్ది. వానికి 44 ఏండ్లు. రెండేండ్ల నుంచి షుగర్. పోయిన పండుగకు మా ఇంట్ల పొద్దున పళ్ళు తోముకొని ఉమ్మితే నీళ్ళు ఎర్రగ ఉన్నయి. “ఏందిరా అది” అంటే “రోజూ వస్తది బావా, నొప్పేం లేదు” అన్నడు. నేను లోపలికి పోయి, జేబులో దాచుకొని తెచ్చిన ఆ మొదటి పన్ను, ఇంకా డబ్బాలో ఉంది, తెచ్చి వాని చేతిలో పెట్టిన. చాలాసేపు తిప్పి తిప్పి చూసిండు. “పుచ్చే లేదు గద బావా” అన్నడు. వచ్చే సోమవారం ఇద్దరం రైలెక్కుతున్నం.

రేపు పొద్దున మీరు కూడా ఉమ్మిన నీళ్ళు ఒకసారి చూసుకోండి.